గట్టు దాటిన గ్యాస్

"ఏంది మావా ఇది? మా బోరు నీళ్లు నోట్లో పోసుకోలేకుండా ఉండాం. ఒకటే ఉప్పు."

"దానికి నన్నేం జెయ్యమంటావురా? నా గుంట నా కయ్యలోనే గదా ఉండేది. నీ గట్టు మీదికి జానెడన్నా వచ్చినానా?"

"నువ్వు రాలేదులే మావా. నీ ఉప్పునీళ్లు వచ్చినాయి."

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలు తవ్వడం మొదలైనప్పటి నుంచి ఇలాంటి తగాదా వినపడని ఊరు తక్కువ. సర్వేయర్ని పిలిచి గొలుసు లాగిస్తే గట్టు ఉండాల్సిన చోటే ఉంటుంది. పాసుపుస్తకాలు తీస్తే ఎవరి సెంట్లు వారివే. అయినా ఒకరి గుంటలో పెట్టిన ఉప్పునీరు ఇసుక పొరల్లోంచి ఇంకొకరి బోర్లోకి దిగుతుంది. రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో తీర గ్రామాల భూగర్భ జలాలు ఉప్పబారిపోవడం ఒక ముఖ్యాంశం.

ఇదే తగాదా ఇక్కడికి మూడు వందల కిలోమీటర్లకు పైగా ఈశాన్యాన, కాకినాడకు ఎదురుగా సముద్రం అడుగున కూడా వచ్చింది. అక్కడ గట్టు దాటింది సహజవాయువు. ఇరుగుపొరుగులు ఓఎన్‌జీసీ, రిలయన్స్. తగువు విలువ వందల కోట్ల డాలర్లు. గ్యాస్ నిజంగా దాటిందా, దాటితే ఎంత అని తేల్చడానికి ఎవరూ కిందికి దిగి చూడలేరు. కంప్యూటర్లో ఆ రాతిని మళ్లీ కట్టి చూడాల్సి వచ్చింది.

గోదావరి పరిచిన ఇసుక

మన తూర్పు తీరం పొడుగునా అవక్షేప శిలల బేసిన్లు వరసగా ఉన్నాయి. పైన కృష్ణా-గోదావరి, దిగువన కావేరి, ఆ రెంటి నడుమ నెల్లూరు నుంచి చెన్నై వైపు సాగే పెన్నా-పాలార్. అంటార్కిటికాను అంటుకుని ఉన్న మన నేల దాదాపు 13 కోట్ల ఏళ్ల క్రితం విడిపోయినప్పుడు ఏర్పడ్డ పల్లాలివి. అప్పటి నుంచి నదులు వాటిలో ఇసుక, మట్టి నింపుతూనే ఉన్నాయి.

గోదావరి తెచ్చిన ఇసుక తీరం దగ్గరే ఆగలేదు. సముద్రం అంచు తెగినప్పుడల్లా బురద, ఇసుక కలిసి వాలు వెంట లోతుకు దూసుకుపోయాయి. నీటి అడుగునే కాలువలు కోసుకుని, మెలికలు తిరిగి, ఒడ్డులు కట్టుకున్నాయి. కాలువల్లో ఇసుక మిగిలింది. ఒడ్డుల మీద, ఆపైన బంకమట్టి పేరుకుంది. పూడిపోయిన మట్టిలోని జీవపదార్థాన్ని సూక్ష్మజీవులు తిని మీథేన్ వదిలాయి. రిలయన్స్ బ్లాకులోని డీ1, డీ3 నిక్షేపాలు అలా పుట్టినవే. పాతిక లక్షల ఏళ్లకు పూర్వపు కాలువల ఇసుక, అందులో దాదాపు అంతా మీథేనే.

గ్యాస్ నీటికంటే తేలిక. ఇసుక రేణువుల సందుల్లో ఉన్న నీటిని పక్కకు నెట్టుకుంటూ పైకి పోతుంది. బంకమట్టి పొర తగిలితే ఆగుతుంది. దాని సందులు మరీ సన్నం కావడంతో వాటిలోని నీటిని నెట్టే బలం గ్యాస్‌కు చాలదు. అప్పుడది పొర కింద పక్కకు జరిగి, ఎక్కడ ఎత్తుంటే అక్కడ చేరుతుంది. అలా లక్షల ఏళ్లు పోగైతే నిక్షేపం. అది ఎంత మేర పరుచుకుందో నిర్ణయించేది ముఖ్యంగా పాత కాలువ మెలికే.

మనుషులు గీసే గీతలకు ఆ మెలికతో పని లేదు. ప్రభుత్వం సముద్రాన్ని అక్షాంశ రేఖాంశాలతో బ్లాకులుగా కోసి వేలం వేసింది. కేజీ-డీడబ్ల్యూఎన్-98/3 అనే 7,645 చదరపు కిలోమీటర్ల బ్లాకును రిలయన్స్, కెనడా కంపెనీ నికో దక్కించుకున్నాయి. ఒప్పందం మీద సంతకాలు 2000 ఏప్రిల్‌లో పడ్డాయి. జనం నోట్లో నానిన పేరు కేజీ-డీ6. దాని పక్కనే ఓఎన్‌జీసీకి గోదావరి పీఎంఎల్ బ్లాకు ఉంది. కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 బ్లాకు కూడా 2005లో కెయిర్న్ నుంచి ఓఎన్‌జీసీ చేతికొచ్చింది. పటం మీద మూడూ వేర్వేరు చతురస్రాలు. వాటి కింద ఇసుక కాలువలు మాత్రం ఒక బ్లాకులోంచి ఇంకో బ్లాకులోకి సాగిపోయాయి.

కవాటం తెరిచిన రోజు

గ్యాస్ అంటే కోనసీమ వాళ్లకు ముందు గుర్తొచ్చేది మంట. 1995 జనవరి 8న బోడసకుర్రు దగ్గర పాశర్లపూడి-19 బావి ఎగదన్నుకుని అంటుకుంటే ఆర్పడానికి 65 రోజులు పట్టింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. రాతిలో బిగిసి ఉన్న పీడనం బయటికొస్తే ఏమవుతుందో ఆ రెండు నెలలూ కోనసీమ కళ్లారా చూసింది.

2009 ఏప్రిల్ మొదట్లో కాకినాడ దగ్గరి గాడిమొగలో జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. అరుపు లేదు, మంట లేదు. సముద్రం అడుగున బావుల కవాటాలు తెరుచుకున్నాయి. 2002లో కనుగొన్న గ్యాస్ పైపుల వెంట తీరానికి చేరింది. ఏడాది తిరక్కుండా కేజీ-డీ6 ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. కాకినాడ నుంచి భరూచ్ దాకా వేసిన సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టంలో అది దేశానికి అడ్డంగా పరుగెత్తింది.

కవాటం తెరిచిన క్షణాన అడుగున జరిగేదేమిటో చూద్దాం. అప్పటిదాకా ఇసుకలో ఎటు చూసినా పీడనం సమంగా ఉంది కనుక గ్యాస్‌కు కదిలే పని లేదు. బావి మొదట్లో ఉన్న గ్యాస్ పైకి పోగానే అక్కడ పీడనం తగ్గుతుంది. పక్క ఇసుకలోని గ్యాస్ అటు జరుగుతుంది. దాంతో దాని పక్కన తగ్గుతుంది. అలా పీడనపు తగ్గుదల బావి చుట్టూ రోజురోజుకూ విస్తరిస్తూ పోతుంది. బంకమట్టి గోడ తగిలితే ఆగుతుంది. తగలకపోతే గీత దాటి అవతలికి పోతుంది. అవతలి గ్యాస్‌కు ఇవతల పల్లం దొరికినట్టు అవుతుంది, బయల్దేరుతుంది.

ఆ ప్రయాణానికి లెక్క రాసిపెట్టినవాడు ఫ్రాన్సులోని దిజోన్ పట్టణానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజినీరు హెన్రీ డార్సీ. గొట్టంలో ఇసుక నింపి, నీరు వదిలి, ఎంత కాలానికి ఎంత దిగుతోందో కొలిచాడు. రెండు కొసల మధ్య పీడనం తేడా పెరిగిన కొద్దీ ప్రవాహం పెరుగుతుంది. దారి పొడవు పెరిగిన కొద్దీ తగ్గుతుంది. మిగిలిందల్లా ఆ ఇసుక స్వభావం. 1856లో అచ్చయిన ఆ సూత్రం మీదే నేటి చమురు కంపెనీల నిక్షేపాల సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తున్నాయి. రాయి తనలోంచి ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే కొలమానానికి డార్సీ అనే పేరే పెట్టారు.

ఒక ఉత్తరం

2013 జూలైలో ఓఎన్‌జీసీ నుంచి హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్‌కు, అంటే డీజీహెచ్‌కు, ఓ ఉత్తరం వెళ్లింది. మా రెండు బ్లాకుల నిక్షేపాలు రిలయన్స్ నిక్షేపాలతో కలిసి ఉన్నట్టు కనిపిస్తోంది, మా గ్యాస్ అటు పోతోంది అన్నది సారాంశం. రిలయన్స్ బావుల్లో కొన్ని సరిహద్దుకు కొన్ని వందల మీటర్ల లోపలే ఉన్నాయని ఓఎన్‌జీసీ ఎత్తిచూపింది. మా బావులన్నీ మా బ్లాకులోనే ఉన్నాయి, ఆమోదం పొందిన ప్రణాళిక ప్రకారమే తవ్వాం అన్నది రిలయన్స్ మాట.

నా గుంట నా కయ్యలోనే ఉంది అన్న మావ మాటకు దీనికి తేడా లేదు. రెండు సందర్భాల్లోనూ ఆ మాట నిజమే. ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

2014 మే నెలలో ఓఎన్‌జీసీ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కింది. ఒక ప్రభుత్వ రంగ సంస్థ పక్క కంపెనీ మీదనే గాక, తన యజమాని అయిన ప్రభుత్వం తీరు మీద కూడా ఫిర్యాదు చేయడం అరుదు. ఇరుపక్షాలకూ సమ్మతమైన స్వతంత్ర నిపుణులుగా అమెరికాలోని డల్లాస్‌కు చెందిన డీగోలియర్ అండ్ మెక్‌నాటన్ సంస్థను నియమించారు. వాళ్ల నివేదిక వచ్చాక ఆరు నెలల్లో నిర్ణయం తీసుకోమని 2015 సెప్టెంబర్‌లో హైకోర్టు కేంద్రానికి చెప్పింది.

రాతిని మళ్లీ కట్టడం

ఇలాంటి లెక్క కట్టే పద్ధతి ఇది. ఓడ మీద నుంచి సముద్రంలోకి శబ్ద తరంగాలు పంపి, అడుగు పొరల నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వనులతో ఇసుక కాలువల ఆకారం గీస్తారు. ఆ బొమ్మలో పదుల మీటర్ల వివరం తెలుస్తుంది, గజమో అడుగో మందమున్న మట్టిపొర తప్పించుకుంటుంది. బావులు తవ్విన చోట పైకి తీసిన రాతిముక్కలు, బావిలో దించిన పరికరాల రీడింగులు ఆ ఖాళీలను కొంత పూరిస్తాయి.

తర్వాత నిక్షేపాన్నంతా కంప్యూటర్లో లక్షల గడులుగా కోస్తారు. ఒక్కో గడికి కొన్ని అంకెలు ఇవ్వాలి. రేణువుల మధ్య ఖాళీ ఎంత, ఆ ఖాళీలో గ్యాస్ ఎంత, నీరెంత, గ్యాస్ దూరే వీలెంత, మొదట్లో పీడనమెంత. బావి ఉన్న గడిలో ఈ అంకెలు కొలిచినవి. బావికీ బావికీ మధ్య ఉన్న గడుల్లో భూగర్భ శాస్త్రవేత్త అంచనా వేసినవి. అప్పుడు 2009 ఏప్రిల్ నుంచి కాలాన్ని నడిపిస్తారు. ప్రతి అడుగులో ప్రతి గడికీ పక్క గడికీ మధ్య డార్సీ సూత్రం. ఎటు నుంచి ఎటు ఎంత పోయిందో లెక్క.

అసలు పరీక్ష అక్కడే. నమూనాలో బావి చూపించిన పీడనాన్ని నిజం బావిలో ఏళ్ల తరబడి కొలిచిన పీడనంతో పోలుస్తారు. తేడా వస్తే వెనక్కి వెళ్లి అంకెలు సవరిస్తారు. మట్టిగోడ ఉందనుకున్న చోట సందు పెడతారు, ఇసుక ఉందనుకున్న చోట మందం తగ్గిస్తారు. మళ్లీ నడుపుతారు. నిజం బావి చరిత్ర నమూనాలోనూ కనిపించేదాకా ఈ పని ఆగదు. ఇక్కడో చిక్కుంది. ఒకే చరిత్రకు సరిపోయే నమూనాలు ఒకటికంటే ఎక్కువ ఉండొచ్చు. అందుకే సరిహద్దు అవతల ఎవరూ తోడని బావిలో పీడనం పడిపోతే అది అంత బలమైన సాక్ష్యం. ఎవరో ఎక్కడో తోడితే తప్ప అది పడడానికి కారణం లేదు.

నమూనా తప్పడమంటే ఏమిటో ఈ నిక్షేపమే అంతకుముందు చూపించింది. 2006లో ఆమోదం పొందిన ప్రణాళిక రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని చెప్పింది. 2010 తర్వాత ఉత్పత్తి పెరగకపోగా జారిపోయింది. బావుల్లోకి నీరు, ఇసుక వచ్చాయి. సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగులనుకున్న డీ1, డీ3 గ్యాస్ అంచనా చివరికి అందులో మూడో వంతు దగ్గరికి దిగింది. రాతిలో ఇబ్బందులే కారణమని కంపెనీ, చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం వాదించుకున్నాయి. ముందుచూపు లెక్క అంత తేడా కొట్టిన చోటే ఇప్పుడు వెనకచూపు లెక్క అడుగుతున్నారు. అయితే రెండో లెక్కకు ఓ వెసులుబాటు ఉంది. దాని చేతిలో ఆరేళ్ల పీడనాల చరిత్ర ఉంది.

2015 నవంబర్‌లో డీగోలియర్ నివేదిక ఇచ్చింది. నిక్షేపాలు సరిహద్దు కింద కలిసే ఉన్నాయి. 2015 మార్చి 31 నాటికి ఓఎన్‌జీసీ బ్లాకుల నుంచి రిలయన్స్ బ్లాకులోకి 1,112.2 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ తరలింది. అందులో 898.1 కోట్లు రిలయన్స్ బావుల్లోంచి బయటికి వచ్చింది.

ఈ రెండు అంకెల మధ్య తేడా దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 214 కోట్ల ఘనపు మీటర్ల పైచిలుకు. అంత గ్యాస్ గీత దాటింది కానీ ఏ బావికీ చేరలేదు. ఆ రోజుకు ఇంకా రాతిలోనే, దారిలోనే ఉంది. దాన్ని ఎవరూ అమ్మలేదు, ఎవరూ కాల్చలేదు, ఎవరి మీటర్లోనూ పడలేదు. నమూనా తప్ప మరెవరూ దాన్ని చూడలేదు.

ఎంతో తేలింది, ఎవరిదో తేలలేదు

కేంద్రం నియమించిన జస్టిస్ ఏపీ షా కమిటీ 2016 ఆగస్టులో తన మాట చెప్పింది. రిలయన్స్‌కు అన్యాయంగా లాభం చేకూరింది, పరిహారం ప్రభుత్వానికి కట్టాలి. ఓఎన్‌జీసీకి కాదు, ప్రభుత్వానికి. రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం సముద్రం అడుగున ఉన్నదంతా కేంద్రానిది. తవ్వుకునే హక్కు పొందినవాళ్లకు గ్యాస్ మీద యాజమాన్యం రాదు. మా గ్యాస్ పోయిందని కోర్టుకెక్కిన సంస్థకు, అది అసలు నీది కాదని జవాబు వచ్చింది. ఆ నవంబర్‌లో కేంద్రం రిలయన్స్, దాని భాగస్వాములు బీపీ, నికోలకు దాదాపు 155 కోట్ల డాలర్ల నోటీసు పంపింది.

వాళ్లు ఆర్బిట్రేషన్‌కు వెళ్లారు. సింగపూర్‌కు చెందిన లారెన్స్ బూ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్ 2018 జూలై 24న ఇద్దరికి ఒకరుగా చీలి రిలయన్స్ పక్షాన తీర్పిచ్చింది. బావి తన బ్లాకులో ఉన్నంతవరకు, అందులోకి ఎక్కడి నుంచో వచ్చిన గ్యాస్‌ను తోడకూడదని ఒప్పందంలో ఎక్కడా లేదన్నది మెజారిటీ వాదన. మన సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జీఎస్ సింఘ్వీ విభేదించారు. 2023 మేలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ తీర్పును నిలబెట్టారు. 2025 ఫిబ్రవరి 14న అదే కోర్టు డివిజన్ బెంచ్ కొట్టేసింది. నిక్షేపాలు కలిసి ఉన్న సూచన 2003 నాటి నివేదికలోనే ఉన్నా దాన్ని ప్రభుత్వానికి చెప్పలేదని బెంచ్ తప్పుపట్టింది. మార్చిలో 281 కోట్ల డాలర్లకు కొత్త నోటీసు వెళ్లింది. రిలయన్స్ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఇన్ని తీర్పుల్లో ఒకటి గమనించాలి. గ్యాస్ దాటిందా లేదా అన్న చోట ఎవరూ చీలిపోలేదు. దాటిన గ్యాస్‌ను తోడితే తప్పా అన్న చోటే చీలిపోయారు. మొదటిది రాతిని అడగాల్సిన ప్రశ్న. రెండోది మనుషులు ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న.

అమెరికాలో ఆ రెండో ప్రశ్నకు 1889లోనే ఒక జవాబు చెప్పారు. పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు గ్యాస్‌ను అడవి మృగాలతో పోల్చింది. నీ నేలలో ఉన్నంతసేపే నీది, పక్కవాడి బావిలో పడితే వాడిది. దాని ఫలితం కళ్లముందే ఉంది. ఎవరికి వారు సరిహద్దు వెంట పోటీపడి బావులు తవ్వారు, పీడనం వృథా అయింది, నిక్షేపాలు పాడయ్యాయి.

ఉత్తర సముద్రంలో ఇంకో జవాబు చెప్పారు. 1971లో దొరికిన ఫ్రిగ్ గ్యాస్ నిక్షేపం సరిగ్గా బ్రిటన్, నార్వేల హద్దు మీద పడింది. గ్యాస్ తోడక ముందే రెండు దేశాలూ కూర్చుని, కింద ఎవరి వైపు ఎంతుందో కలిసి లెక్క కట్టించుకుని, 1976లో ఒడంబడిక రాసుకున్నాయి. నార్వేకు 60.82 శాతం, బ్రిటన్‌కు 39.18. బావులు ఎవరి వైపున్నా వాటా అదే. మన ఒప్పందాల్లోనూ హద్దు మీది నిక్షేపాలను ఉమ్మడిగా అభివృద్ధి చేసే నిబంధన 12వ అధికరణంగా ఉంది. కేజీ-డీ6 దగ్గర మాత్రం దాన్ని ఎవరూ వేళకు తెరవలేదు.

డీ1, డీ3 బావులు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. దాటిన గ్యాస్‌లో ఎక్కువ భాగం ఎరువుగా, కరెంటుగా ఎప్పుడో ఖర్చయిపోయింది. దావా ఒక్కటే బతికి ఉంది.

రేపటి తగువు తిరగబడి వస్తుంది

ఈ లెక్కల అవసరం గ్యాస్ తోడడంతో తీరిపోదు. బొగ్గు మండించడం లాంటి పనుల్లో వచ్చే కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టి మళ్లీ అవక్షేప శిలల్లోకే పంపాలని ప్రపంచమంతా చూస్తోంది. నార్వే 1996 నుంచి స్లైప్‌నర్ దగ్గర ఏళ్ల తరబడి ఏడాదికి దాదాపు 10 లక్షల టన్నుల దాకా సముద్రం అడుగు ఇసుకరాతిలోకి దించుతూ వచ్చింది. ప్రపంచంలో బాగా శ్రద్ధగా గమనించిన చోట్లలో అదొకటి. అక్కడ కూడా పలుచటి మట్టిపొరల కింద గ్యాస్ తొమ్మిది అరలుగా పరుచుకుంది. పై అరలో అది నమూనాలు అనుకున్నదానికంటే వేగంగా ఉత్తరానికి పాకింది. బయటికి లీకవలేదు. అనుకున్న దారిన మాత్రం పోలేదు.

మన నెల్లూరు తీరంలో కృష్ణపట్నం చుట్టుపక్కల పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలున్నాయి. ఎదురుగా సముద్రం అడుగున అవక్షేప శిలలున్నాయి. రేపు ఎవరైనా ఆ రెంటినీ కలపాలనుకుంటే తగువు తలకిందులవుతుంది. నా గ్యాస్ అటు పోయింది అనే బదులు, మీ గ్యాస్ మా కిందికి వచ్చింది అంటారు. అప్పుడు అడిగే ప్రశ్నలు ఇవే. పొరలు కలిసి ఉన్నాయా? ఎంత వేగంతో? ఎంత దూరం?

జవాబులు చెప్పే పద్ధతి మన దగ్గర ఉంది. దాని బలమూ బలహీనతా రెండూ తెలుసు. రెండు వైపుల పీడనాల రీడింగులు ఒకే బల్ల మీద పెడితే అది బాగా చెబుతుంది, ఎవరి కాగితాలు వారి బీరువాలో ఉంటే సగమే చెబుతుంది. కేజీ-డీ6లో ఆ కాగితాలు ఒక చోటికి చేరేసరికి తోడడం మొదలై ఏళ్లు గడిచాయి. ఈసారి హద్దుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరి డేటా కలిపి నమూనా కట్టించడం, మొదటి బావికి అనుమతి సంతకం పెట్టే ముందే జరగాలి. సంతకం పెట్టే చెయ్యి ప్రభుత్వానిదే కనుక, ఆ షరతు పెట్టడానికి ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.